విప్పని కవరు

జూలై 3, సోమవారం

జరిగిన అన్యాయం: తమ ఇళ్ళల్లో మొట్టమొదటగా కాలేజీ గడప తొక్కిన ఇరవై ఆరు మందిలో పదకొండు మంది మూడో ఏడు చూడకుండానే వెళ్ళిపోయారు. చేసినవాడు: ప్రిన్సిపాల్. చేతులు కలిపినవాడు: ఆఫీసు సూపరింటెండెంటు. చూస్తూ ఊరుకున్నవాళ్ళు: మిగతా అందరూ.

ఇది కొత్త కరపత్రం మొదటి పేరా. "వెళ్ళిపోయారు" మెత్తగా ఉంది. "గెంటివేయబడ్డారు" అని మార్చాలి. ఆ ఇరవై ఆరులో నేనూ ఉన్నాను కనుక రాసే హక్కు నాకుంది.

కాపీలు తియ్యడానికి మిషను కావాలి. కాలేజీ మొత్తానికి పనిచేసే మిషను లైబ్రరీలోనే ఉంది. లైబ్రేరియన్ మేడం కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి నా పేరా అంతా చదివి, "కాగితం నువ్వు తెచ్చుకో, మిషను నేనిస్తా. ఒక షరతు" అంది.

షరతు పేరు "తోడు". మూడో ఏడు వాళ్ళు ఒక్కొక్కరు మొదటి ఏడు పిల్లనో పిల్లాడినో పట్టించుకోవాలి. వారానికి అరగంట, గురువారం నాలుగింటికి, లైబ్రరీ మేడమీద.

"మేడం, గాయానికి కట్టుకట్టే పథకాలు నాకు నచ్చవు. గాయం చేసినవాణ్ణి పట్టుకోవాలి" అన్నాను.

"పట్టుకో. ఈలోపు రక్తం కారకుండా ఎవరో ఒకరు కట్టాలిగా. మూడు ప్రశ్నలు అడిగితే చాలు. తిన్నావా, నిద్రపోయావా, ఏ కాగితం వచ్చింది."

"ఇంతేనా?"

"ఇంతే. మూడోది మరిచిపోకు."

మూడో ఏడు చదువుతున్న మనిషిని, ప్రెస్సులో కాగితం కోసే తల్లి ఇంటికి తెచ్చిన తప్పుప్రింటు కరపత్రాల మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని, పదో ఏటికే నాలుగు పార్టీల డిమాండ్లు అప్పజెప్పినదాన్ని పట్టుకుని, తిన్నావా అని అడగమంటుంది. మిషను కోసం ఒప్పుకున్నాను. మిషను కోసమే.

జూలై 6, గురువారం

మేడమీద కిటికీ పక్క టేబులు ఇచ్చారు. దాని ఒక కాలు పొట్టి. మోచెయ్యి ఆనిస్తే పడవలా ఊగుతుంది.

పిల్ల వచ్చింది. మెకానికల్. పదిరోజులు ఆలస్యంగా, నిన్ననే చేరింది. నాన్న నీళ్ళమోటార్లు బాగుచేస్తాడు. ఇంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను. సంచిలో పుస్తకాల మధ్య ఒక పానా. ఎందుకని అడిగితే "ఉంటే మంచిది కదక్కా" అంది. హాస్టల్లో రెండేళ్ళుగా కారుతున్న మూడు కుళాయిలు పొద్దున్నించి కారడం లేదట. ఆ కుళాయిల మీద మేం నాలుగు వినతిపత్రాలు ఇచ్చాం. హాస్టలంతా అప్పుడే దాని పేరు పానా చేసేసింది. నా పేరు కరపత్రం చెయ్యడానికి వాళ్ళకి నెల పట్టింది.

మూడు ప్రశ్నలూ అడగలేదు. చదువు ఎవరి సొత్తు అనే విషయం మీద మాట్లాడాను. అరగంట అనుకున్నది గంటంబావు అయింది. పానా కళ్ళార్పకుండా వింది. చదవమని నాలుగు కరపత్రాలు ఇచ్చాను. మంచి పిల్ల.

జూలై 13, గురువారం

ఇవాళ నోరు విప్పింది. "అక్కా, మొదటి ఇంటర్నల్ పరీక్ష ఆలస్యంగా చేరినవాళ్ళు కూడా రాయాలా?"

చూడండి, ఇదీ ఈ కాలేజీ. పిల్లని చేర్చుకుంటారు, ఏ పరీక్ష ఎప్పుడో చెప్పే దిక్కుండదు. ఒళ్ళు మండింది. పరీక్షల పద్ధతి ఎవరి కోసం పుట్టిందో, మార్కులు మనుషుల్ని ఎలా జల్లెడ పడతాయో మొదట్నించి చెప్పుకొచ్చాను. పానా తలూపింది. మధ్యలో లేచి కిటికీ గడియ బిగించి వచ్చింది.

వెళ్ళేముందు "అయితే రాయాలా అక్కా?" అని మళ్ళీ అడిగింది. నేను సంచి సర్దుకుంటున్నాను. జవాబు చెప్పాననే అనుకుంటున్నాను.

జూలై 20, గురువారం

కలవలేదు. సమ్మె కమిటీ మీటింగు.

జూలై 21, శుక్రవారం

లైబ్రేరియన్ మేడం వరండాలో ఆపింది. "ఏమ్మా నాయకురాలా, నిన్న ఆ పిల్ల నీ కోసం ఐదున్నరదాకా కూర్చుంది."

"మీటింగు ఉందని ఎవరితోనో చెప్పి పంపాను మేడం."

"ఎవరితో?"

ఎవరితోనో. నాకు గుర్తులేదు. ప్రతిదానికీ లెక్క చెప్పాలంటే ఉద్యమం ఎప్పుడు నడుస్తుంది.

"పోనీ, దానికి ఏ కాగితం వచ్చింది?"

"మేడం, మీకు కాగితాల పిచ్చి పట్టింది. ఆ పిల్లకి కావలసింది ధైర్యం."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ "ధైర్యానికి అది మోటార్లు విప్పే మనిషి, నీకన్నా తక్కువేం కాదు" అని వెళ్ళిపోయింది. ఇలాంటివాళ్ళే వ్యవస్థని నిలబెడతారు. చిన్న చిన్న మంచి పనులు చేస్తూ, ఎప్పుడూ గొంతు పెంచకుండా.

జూలై 27, గురువారం

టేబులు ఊగడం లేదు. వంగి చూస్తే పొట్టికాలి కింద నాలుగు మడతలు పెట్టిన గోధుమరంగు కవరు. ఆఫీసు ముద్ర ఉన్నదే.

"ఏంటిది?"

"సోమవారం హాస్టల్లో నా ఉత్తరాల గూట్లో పెట్టారక్కా. ఇంటికి తీసుకెళ్ళి మామయ్యకి ఇవ్వాలి. మా ఇంట్లో ఆఫీసు కవరు ఏదొచ్చినా మామయ్యే విప్పాలి. సెలవులదాకా ఖాళీగా ఉండటం ఎందుకని కాలి కింద పెట్టా."

నవ్వాగలేదు. మా ఇంట్లోనూ అంతే. ముద్రలున్న కవర్లన్నీ అమ్మ బియ్యం డబ్బా వెనక దోపేది. చదువుకున్న బంధువు ఎవరైనా వచ్చేదాకా వాటిని ముట్టుకుంటే ఊరుకునేది కాదు. కవరు అంటే ఎవరో మన దగ్గరున్నది ఏదో తీసుకోవడానికి వస్తున్నారని అర్థం. విప్పకపోతే ఇంకా బయల్దేరలేదని లెక్క.

"ఈ ఆఫీసు కాగితం మొత్తం జీవితంలో చేసిన మొదటి మంచిపని ఇదే" అన్నాను. పానా కూడా నవ్వింది. దాని నవ్వు చూడటం ఇదే మొదలు. తరువాత రెండు గంటలు హాయిగా రాసుకున్నాం. నేను కరపత్రం, అది డ్రాయింగు. టేబులు కదల్లేదు.

ఆగస్టు 5, శనివారం

సమ్మె పదో తారీఖు, గురువారం, ఉదయం తొమ్మిదిన్నరకి గేటు దగ్గర. మా కమిటీ కన్వీనరు గొంతుకి మైకు అక్కర్లేదు కనుక అతన్ని మైకు అంటాం. "మొదటి ఏడు వాళ్ళని కూడగట్టడం నీ బాధ్యత కరపత్రం" అన్నాడు. నాకున్న మొదటి ఏడు మనిషి ఒకత్తే.

అడిగితే, "గురువారం పొద్దున క్లాసు లేదక్కా, వస్తా" అంది. ప్లకార్డుల కర్రలు ఊడిపోతున్నాయని తన పానా తీసి పద్నాలుగింటికీ బోల్టులు బిగించింది. మా కమిటీలో ఇలా పనిచేసేవాళ్ళు ఇంకో ఇద్దరుంటే ఈ కాలేజీ ఎప్పుడో మారేది.

ఆగస్టు 10, గురువారం

ఇవాళ రాయకపోతే ఎప్పుడు రాస్తాను. రెండువందల మంది. గేటు నుంచి ఆఫీసు మెట్లదాకా. నేను మెట్టెక్కి పదకొండు మంది గురించి మాట్లాడాను, ఒక్కొక్కరి పేరూ చదివాను, ప్రతి పేరుకీ జనం "ఎక్కడ?" అని అరిచారు. నా పక్కన పానా అన్నిటికన్నా పెద్ద ప్లకార్డు పట్టుకుని నిలబడింది. "మా చదువు మాకు కావాలి." తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నరదాకా చేతులు దించలేదు. చేతులు నొప్పి పుట్టలేదా అంటే "మోటారు దీనికన్నా బరువక్కా" అంది.

ప్రిన్సిపాల్ బయటికొచ్చి కమిటీ వేస్తానన్నాడు. కమిటీలతో కడుపు నిండదు. అయినా వచ్చాడు.

ఆగస్టు 11, శుక్రవారం

గొంతు పోయింది. సంతోషంగా ఉంది.

ఆగస్టు 17, గురువారం

నోటీసు బోర్డులో జాబితా. హాజరు పట్టీ నుంచి తొలగించిన పేర్లు మూడు. రెండోది పానాది.

నేను చూసేసరికి అది అక్కడే నిలబడి ఉంది. తన పేరు మీద వేలుపెట్టి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూస్తున్నట్టుంది. "నాదేనక్కా" అంది.

కక్ష. పట్టపగలు కక్ష. ప్లకార్డు పట్టుకున్న వారానికి పేరు కొట్టేశారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. మధ్యాహ్నంలోపు మూడో కరపత్రం రాసేశాను. శీర్షిక: "ఇది శిక్ష కాదు, పగ." మిషను దగ్గర మేడం చదివి, "దీనికి కారణం కనుక్కున్నావా?" అంది.

"కారణం నోటీసు బోర్డు మీదే ఉంది మేడం."

"బోర్డు మీద పేరుంది. కారణం లేదు."

వంద కాపీలు తీసి ఇచ్చింది. ఇస్తూ కూడా కళ్ళజోడు మీదుగా నన్ను చూడటం మానలేదు.

ఆగస్టు 18, శుక్రవారం

నలభై మందిమి ఆఫీసు కిటికీ ముందుకి వెళ్ళాం. సూపరింటెండెంటు మేం వస్తామని తెలిసినట్టు రిజిస్టరు బల్లమీద తెరిచి పెట్టుకున్నాడు. నేను మూడు నిమిషాలు మాట్లాడాను. పగ, కక్ష, సమ్మె, అన్నీ. పూర్తయ్యేదాకా ఆగి, ఒక ప్రతి కిటికీలోంచి బయటికి తోశాడు.

"నాకు గొంతు సరిగ్గా లేదమ్మా. నువ్వే చదువు, అందరికీ వినపడేట్టు."

చదివాను. గట్టిగానే మొదలుపెట్టాను. "సదరు విద్యార్థిని ప్రథమ అంతర్గత ప్రయోగ పరీక్షకు గైరుహాజరు అయినందున, ఆగస్టు పదవ తేదీ ఉదయం పది గంటలకు రెండవ ప్రయోగశాలయందు జరుగు ప్రత్యేక పరీక్షకు సైతము హాజరు కానియెడల, ఆమె పేరు హాజరు పట్టీ నుండి తొలగించబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

"ఎప్పుడు పంపాం?" అన్నాడు.

"జూలై ఇరవై నాలుగు."

"ఎక్కడికి?"

"హాస్టల్ గూటికి."

"పదో తారీఖు పదింటికి ఆ పిల్ల ఎక్కడుందో నీకేమైనా తెలుసా అమ్మా?"

నలభై మందీ నా వైపే చూశారు. మైకు కూడా. నేను "ఈ భాష ఎవరికి అర్థమవుతుంది?" అని అరిచాను. అది నిజమే. ఇప్పటికీ నిజమే. అయినా వెనక్కి వచ్చేశాం.

కవరు అందలేదని వాదించవచ్చు. గూట్లో పెట్టినంత మాత్రాన అందినట్టు కాదు.

ఆగస్టు 19, శనివారం

టేబులు కింద చూడలేదు. చూడాల్సిన పనేమీ లేదు. కాలేజీ నిండా గోధుమరంగు కవర్లే.

ఆగస్టు 20, ఆదివారం

చూడలేదు.

ఆగస్టు 21, సోమవారం

పానా నాన్న వచ్చాడు. హాస్టల్ వరండాలో అది పెట్టెకి తాడు కడుతుంటే నేను ఆపుతున్నాను, అది మళ్ళీ కడుతోంది. ఆయన గేటులోంచి లోపలికి రావాలా వద్దా అని అక్కడే నిలబడ్డాడు. చొక్కా ఉతికినదే, వేళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు మాత్రం అలాగే ఉంది.

"మీరేనా అమ్మా అక్క? ఫోన్లో రోజూ మీ గురించే. అక్క ఇలా చెప్పింది, అక్క అలా చెప్పింది అని."

కుర్చీ తెచ్చాను. కూర్చోలేదు.

"మా పిల్ల ఏం తప్పు చేసిందమ్మా? అడిగితే చెప్పదు. ఏదో పరీక్షట. అది పరీక్షకి ఎగ్గొట్టే పిల్ల కాదు. పదేళ్ళప్పుడే మోటారు విప్పి, ఒక్క బోల్టు పోకుండా మళ్ళీ బిగించింది." తరువాత నాకే సర్దిచెప్పాడు. "మీరు బాధపడకండి. మీరు చెయ్యాల్సిందంతా చేశారు. మాకు రాసిపెట్టి లేదు, అంతే. షెడ్డులో పనికి లోటు లేదు."

నేను మంచినీళ్ళు తెస్తానని లేచి, మంచినీళ్ళు తేలేదు. లైబ్రరీకి పరిగెత్తాను. మేడమీద ఎవరూ లేరు. మోకాళ్ళ మీద కూర్చుని పొట్టికాలి కింద చెయ్యి పెట్టాను. కవరు నలిగి గట్టిపడిపోయింది. లాగితే టేబులు ఒరిగింది. అంటించిన మూత అంటించినట్టే ఉంది.

జూలై ఇరవై ఏడున దీన్ని చూసి నవ్వింది నేను. అంతకు రెండు వారాల ముందు రాయాలా అని రెండుసార్లు అడిగితే జల్లెడ గురించి చెప్పింది నేను. పరీక్ష జరుగుతున్న గంటలో దాని చేతికి ప్లకార్డు ఇచ్చింది నేను.

తిరిగి వెళ్ళేసరికి తండ్రీకూతుళ్ళు పెట్టె మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. "మూడు రోజులు ఆగండి" అన్నాను. "ఈ గురువారందాకా ఆగండి. జాబితా కింద రాసుంది, వారంలోపు అర్జీ పెట్టుకోవచ్చని."

"ఆ కింద రాసింది నేను చదవలేదక్కా" అంది పానా.

నేనూ ఇవాళే, లైబ్రరీ నుంచి వస్తూ చదివాను. నోటీసు బోర్డు ముందు నాలుగు రోజులు నిలబడి అరిచాను కానీ కిందిదాకా చదవలేదు.

ఆయన ఒక్కడే తిరిగి వెళ్ళాడు. పానా పెట్టెకి తాడు విప్పలేదు.

ఆగస్టు 22, మంగళవారం

అర్జీతోపాటు బాధ్యతగల వ్యక్తి సంజాయిషీ జత చెయ్యాలట. నేను రాస్తానని కమిటీలో చెప్పాను.

మైకు మొదట నవ్వాడు. తరువాత తలుపు దగ్గరికి వేశాడు. "పిచ్చా నీకు? సమ్మె నాయకురాలే పరీక్ష పోగొట్టిందని నీ చేత్తో రాసిస్తావా? ప్రిన్సిపాల్ దాన్ని ఫ్రేము కట్టించి గేటుకి తగిలిస్తాడు."

"రాయకపోతే ఆ పిల్ల ఇంటికి పోతుంది."

"పోనీ. అంటే, బాధగానే ఉంది. కానీ ఆలోచించు కరపత్రం, పన్నెండో పేరు దొరికింది మనకి. ఈ పేరు మీద ఏడాది నడుస్తుంది ఉద్యమం."

మూడు నెలల క్రితం అయితే ఈ మాట నేనే అనేదాన్ని. ఇతనికన్నా బాగా అనేదాన్ని. ఆ మెట్టెక్కి పదకొండు పేర్లు చదివినప్పుడు, వాళ్ళలో ఒక్కరికైనా ఎందుకు వెళ్ళిపోయావని ఉత్తరం రాశానా అని ఇప్పుడు తట్టింది. రాయలేదు.

"దాని పేరు నా దగ్గర అప్పు లేదు, నువ్వు వాడుకోవడానికి" అని వచ్చేశాను. వాక్యం సరిగ్గా కుదరలేదు. కోపంలో ఎప్పుడూ కుదరదు.

ఆగస్టు 23, బుధవారం

సంజాయిషీ. మొదటి ప్రతి: నాలుగు పేజీలు. లైబ్రేరియన్ మేడం పెన్సిలు పుచ్చుకుని "ఉక్కుపాదం" కొట్టేసింది. "దశాబ్దాల నిర్లక్ష్యం" కొట్టేసింది. "చరిత్ర క్షమించదు" దగ్గర ఆగి, "చరిత్రకి అర్జీ పెడుతున్నావా, సూపరింటెండెంటుకా?" అంది.

రెండో ప్రతి: రెండు పేజీలు. అందులో నా పేరు ఎక్కడా రాలేదు. "సమాచారలోపం వలన" అని రాశాను. "ఎవరి లోపం?" అంది. "పరిస్థితుల" అన్నాను. పెన్సిలు బల్లమీద పెట్టి నా వంక చూసింది. ఏదైనా అంటే బాగుండేది, నేనూ తిరిగి అనేదాన్ని.

మూడో ప్రతిలో నన్ను నేను తిట్టుకున్నాను, పేజీన్నర. "ఇది ఇంకా నీ గురించే ఉంది" అంది.

నాలుగోది సాయంత్రం ఐదింటికి పూర్తయింది. ఆరు వాక్యాలు. "నేను ఈ విద్యార్థినికి తోడుగా నియమితురాలిని. ఇంటర్నల్ పరీక్ష రాయాలా అని ఆమె నన్ను అడిగింది, నేను జవాబు చెప్పలేదు. మీరు పంపిన కవరు విప్పకుండా ఉండటం నేను చూశాను, విప్పమని చెప్పలేదు. ప్రత్యేక పరీక్ష జరిగిన సమయంలో ఆమె నేను పిలిచిన సమ్మెలో ఉంది. తప్పు ఆమెది కాదు. ఆమెకి మరొక్క అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

రాయడం ఇంత కష్టమని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. నేను చదివిన కరపత్రాల్లో ఒక్కదాంట్లోనూ "నేను" అనే మాట లేదు.

ఆగస్టు 24, గురువారం

పానాని తీసుకుని వెళ్ళి కిటికీలో ఇచ్చాను. ఇవాళే ఆఖరి రోజు.

సూపరింటెండెంటు ఆరు వాక్యాలూ చదివి, వెనక్కి తిప్పి చూశాడు. "ఇంతేనా? నీ దగ్గర్నించి ఇంకా ఉంటుందనుకున్నా." ముద్ర వేశాడు. తరువాత పానా వైపు కాదు, నా వైపు వంగాడు.

"ఆ రోజు మెట్టుమీద పదకొండు పేర్లు చదివావే. నేను లోపల్నించి వింటున్నా. వాళ్ళలో పరీక్ష తప్పినవాళ్ళు ఇద్దరేనమ్మా. మిగతా తొమ్మిది మందీ ఏదో ఒక కాగితానికి జవాబివ్వనివాళ్ళు. ఫారం, సంతకం, తారీఖు. నేను పంపిస్తూనే ఉంటా. అవతల ఎవరూ ఉన్నట్టే ఉండదు."

"అయితే మనుషులకి అర్థమయ్యేట్టు రాయచ్చు కదా సార్. సదరు, సైతము, ఇందుమూలముగా. ఆ పిల్ల విప్పినా ఏం అర్థమయ్యేది?"

"నాకు ముందున్నాయన అలా రాశాడు, నేనూ అలా రాస్తున్నా" అన్నాడు. అదొక కారణమా. ఇరవై ఏళ్ళుగా ఒకడి వాక్యాన్ని ఇంకొకడు ఎత్తిరాస్తుంటే తొమ్మిది మంది ఇళ్ళకి పోయారు. అరుద్దామనుకున్నాను. పానా నా చెయ్యి గిల్లింది. ముద్ర తడి ఇంకా ఆరలేదు.

ఇవాళ గురువారం కదా అని నాలుగింటికి మేడమీదికి వెళ్ళాం. టేబులు మళ్ళీ ఊగుతోంది. తిన్నావా అని అడిగాను. లేదంది. నిద్రపోయావా అని అడిగాను. లేదంది. ఏడు వారాల్లో ఇదే మొదటిసారి అడగడం, ఏడు వారాలకీ ఇదే జవాబేమో.

ఆగస్టు 26, శనివారం

ఏమీ రాలేదు. ఆఫీసు ముందునుంచి ఐదుసార్లు నడిచాను.

ఆగస్టు 28, సోమవారం

గూట్లో గోధుమరంగు కవరు. పానా దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా గదికి వచ్చింది. విప్పలేదు.

"మామయ్య దాకా ఆగాలా?" అన్నాను.

"మీరుండగా విప్పుదామని."

"నువ్వే విప్పు."

చింపడం రాదు దానికి. మూత మీద వేలితో మూడుసార్లు రుద్ది, చివరికి సంచిలోంచి పానా తీసి దాని మొనతో కోసింది. గట్టిగా చదివింది. ఒక్కొక్క మాట దగ్గర ఆగి "అంటే?" అంది, నేను చెప్పాను, చెప్పలేనివి ఇద్దరం కూడబలుక్కున్నాం. సెప్టెంబరు నాలుగు, సోమవారం, ఉదయం పది. రెండో ల్యాబు. ఆఖరి అవకాశం.

చదవడం అయ్యాక కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. పెట్టెకున్న తాడు గుర్తొచ్చి విప్పుతుందనుకున్నాను. అది నా వైపు తిరిగి మామూలుగా అడిగింది.

"అక్కా, మీకు ఏ కాగితం వచ్చింది?"

నాకేం వస్తాయి అన్నాను. అప్పటికే దాని చూపు నా మంచం కిందున్న ట్రంకుపెట్టె మీద ఉంది. పైన కరపత్రాల దొంతరలు. వాటి కింద, అడుగున, గోధుమరంగు. పద్నాలుగు. చేరినప్పటినుంచీ వచ్చినవి. ఒక్కటీ విప్పలేదు.

ఈ దేశంలో అచ్చయిన ప్రతి ముక్కా చదువుతానని చెప్పుకునేదాన్ని.

పానా నేలమీద కూర్చుని వరసగా కోసింది. పన్నెండింటికి కాలం చెల్లింది. ఒకటి హాస్టల్ దుప్పట్ల గురించి. పద్నాలుగోది దగ్గర దాని గొంతు తగ్గింది. రెండో ఏటిలో నేను తప్పిన లెక్కల పేపరుకి మళ్ళీ నమోదు చేసుకోవాలట, లేకపోతే డిప్లొమా ఇవ్వరట. గడువు ఆగస్టు పన్నెండు.

అంతకు ముందురోజు నేను గొంతు పోయిందని సంతోషపడుతున్నాను.

ఆగస్టు 29, మంగళవారం

కిటికీ. ఈసారి పానా నాతో వచ్చింది. గడువు దాటింది, నమోదు కుదరదు. మళ్ళీ ఆరునెలలకి నమోదు, ఆ పరీక్ష చదువైపోయాక. నా డిప్లొమా ఆరునెలలు ఆలస్యం. సూపరింటెండెంటు ఒక్క మాట ఎగతాళి చెయ్యలేదు. తరువాతి గడువు తారీఖు చిన్న చీటీ మీద రాసి ఇచ్చాడు. ఎగతాళి చేసినా బాగుండేది.

జరిగిన అన్యాయం: మూడేళ్ళ చదువుకి వచ్చిన పిల్ల మూడేళ్ళలో బయటికి రాదు. చేసినవాళ్ళు: సదరు అని రాసేవాడు, రాయనిచ్చేవాడు, విప్పనిది. మూడో పేరు కొట్టేద్దామని రెండుసార్లు చూశాను. ఉంచాను.

అమ్మకి ఫోనులో చెప్పాను. "బియ్యం డబ్బా వెనక ఇంకా నాలుగున్నాయే, తీసుకురానా?" అంది.

తీసుకురమ్మన్నాను.

సెప్టెంబరు 4, సోమవారం

తొమ్మిదింటికే రెండో ల్యాబు ముందు కూర్చున్నాం. తిన్నావా, తిన్నా. నిద్రపోయావా, కొంచెం. హాల్ టికెట్టు మూడుసార్లు చూసింది. పదింటికి తలుపు మూశారు. మైకు అటుగా పోతూ ఆగి, "రాసిచ్చావట కదా" అన్నాడు. ప్రిన్సిపాల్ నా ఆరు వాక్యాలూ స్టాఫ్ మీటింగులో చదివి వినిపించాడట. "అనుకున్నట్టే అయింది" అన్నాడు. అయింది. కాదనలేదు. పక్కకి జరిగి చోటిచ్చాను. కూర్చోలేదు.

పదకొండున్నర దాకా సమయం. పదీ నలభైకి తలుపు తెరుచుకుని పానా బయటికొచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"ఏమైంది?"

"చిన్న మోటారు ఇచ్చి విప్పి, తప్పెక్కడుందో చెప్పి, మళ్ళీ బిగించమన్నారక్కా."

"మరి?"

"బిగించా. ల్యాబు సారు పానా బాలేదు. నాది వాడుకోవచ్చా అని అడిగి వాడా."

రెండు నెలలు. రెండు నెలలు మేం అందరం కలిసి ఆ పిల్లని ఈ గదిలోకి రానివ్వలేదు. వచ్చాక దానికి నలభై నిమిషాలు పట్టింది.

సెప్టెంబరు 6, బుధవారం

పానా పేరు పట్టీలో మళ్ళీ ఎక్కింది. చిన్న అక్షరాలతో, చివర్లో. పెట్టె తాడు ఇప్పుడు హాస్టల్ వరండాలో బట్టలు ఆరేసుకోవడానికి కట్టారు.

మేడమీద టేబులు కాలి కింద నా మూడో కరపత్రం మడత పెట్టి పెట్టింది. "ఇది ఆ 'శిక్ష కాదు, పగ' అనేదేనా?" అంటే "ఇదే మందంగా సరిపోయిందక్కా" అంది. మోచెయ్యి ఆనించి చూశాను. కదల్లేదు.

నాలుగో కరపత్రం రాశాను. మేడం పెన్సిలు పట్టుకుని చివరిదాకా చదివి, పెన్సిలు మళ్ళీ జడలో దోపుకుంది. మిషను వేడెక్కాక ఆవిడే తన కాగితం అందించింది. మొత్తం ఇది:

"మొదటి ఏడు, రెండో ఏడు, మూడో ఏడు వాళ్ళకి. మీ గూట్లో, పెట్టెలో, పరుపు కింద, ఇంట్లో డబ్బా వెనక ఆఫీసు కవరు ఉండే ఉంటుంది. మాకూ ఉన్నాయి. ఒక్కరే విప్పకండి, విప్పకుండా ఉంచకండి. అర్థంకాని ప్రతి మాట కిందా గీత గీద్దాం. గీతలు గీసిన కాగితాలన్నీ కలిపి సూపరింటెండెంటు గారికే తిరిగి ఇద్దాం, మనుషుల మాటల్లో రాసి పంపమని. ఈ గురువారం, సెప్టెంబరు ఏడు, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకి, లైబ్రరీ మేడమీద, కిటికీ పక్క టేబులు దగ్గరికి రండి. కవర్లు తెచ్చుకోండి. కొయ్యడానికి పానా మా దగ్గరుంది."